ఏడు దేశాలు వద్దు, 48 మలుపులు చాలు

మరిది: అందరికీ నమస్కారం. ఈ వారం మైకు ముందు నాతో పాటు మా వదిన. పదేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నారు. సెలవు దొరికితే చాలు, కారు ఆల్ప్స్ వైపు తిరుగుతుంది. జూన్ చివర్లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. వాళ్లని కార్లో తిప్పుదామని ఒక ప్లాన్ వేసి వదినకి పంపాను. చూసి నవ్వారు.

వదిన: నవ్వక ఏం చేయను? ఆరు రోజుల్లో ఏడు దేశాలండీ! లీక్టెన్‌స్టైన్‌కి నలభై నిమిషాలు రాశాడు. అదీ భోజనంతో సహా.

మరిది: మ్యాప్‌లో అన్నీ పక్కపక్కనే ఉన్నాయి కదా వదినా.

వదిన: మ్యాప్‌లో ఉంటాయి. కొండల్లో కిలోమీటర్లు చూడకూడదు, గంటలు చూడాలి. స్టెల్వియో కనుమనే తీసుకో. ఇటలీలో ప్రాద్ అనే ఊరి నుంచి పైదాకా పాతిక కిలోమీటర్లు. ఎంతసేపు వేశావు?

మరిది: అరగంట.

వదిన: వెనక సీట్లో అత్తయ్యగారు కూర్చున్నాక చెప్పు. 48 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు బోర్డు. ఎదురుగా బైకులు, సైకిళ్లు, మధ్యలో బస్సు. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి మనకి ఆ భయం తెలియదు. ఇక్కడ రెండూ ఒకటే రోడ్డు. ఆగుతూ ఆగుతూ పోతే గంట దాటుతుంది. అందుకే నా లెక్క, రోజుకి ఒక్క కనుమ. రెండోది పెట్టావంటే సాయంత్రం ఊరు చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

మరిది: మరి ఏ దేశాలు ఉంచాలి?

వదిన: నాలుగు. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్‌లో ఓ మూల. మొదటి రోజు జర్మనీలోనే ఫ్యూసెన్, దాని పక్కనే బవేరియా రాజు రెండో లుడ్విగ్ కట్టించుకున్న నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొను. రెండో రోజు ఆస్ట్రియాలో ఫెర్న్ పాస్, లాండెక్ మీదుగా ఇటలీలోని రెషెన్ సరస్సు. అక్కడ మాత్రం మామయ్యగారి కోసం ఒక గంట ఉంచు.

మరిది: నీళ్లలోంచి గుడి గంట గోపురం లేచి ఉంటుందే, అదేనా?

వదిన: అదే. కరెంటు కోసం డ్యామ్ కట్టి 1950లో గ్రౌన్ అనే ఊరిని ముంచేశారు. ఇళ్లు కూల్చేశారు, పద్నాలుగో శతాబ్దపు చర్చి గోపురం ఒక్కటే మిగిలింది. టూరిస్టులకి ఫొటో పాయింట్. మామయ్యగారు అలా చూడరనుకుంటున్నా. శ్రీశైలం డ్యామ్ నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడడం చూశారు కదా ఆయన. ఊరు పోవడం అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు.

మరిది: నాన్న కర్నూల్లో ఉద్యోగం చేసినప్పటి కథ మళ్లీ మొదలవుతుంది.

వదిన: వినండి, కొంపలేం మునగవు. అక్కణ్నుంచి కిందికి దిగితే గ్లుర్న్స్. చుట్టూ ప్రాకారం చెక్కుచెదరకుండా ఉన్న బుల్లి ఊరు. గోడ లోపల మొత్తం తిరగడానికి అరగంట చాలు. రెండు రాత్రులు అక్కడే ఉండు. మూడో రోజు పెట్టెలు గదిలో వదిలేసి స్టెల్వియోకి. ప్రాద్ వైపు నుంచి ఎక్కు, ఉంబ్రైల్ కనుమ మీదుగా స్విట్జర్లాండ్‌లోకి దిగు.

మరిది: ఉంబ్రైల్ వైపు ఎక్కి ప్రాద్ వైపు దిగితే?

వదిన: 48 మలుపులు దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటావు. బ్రేకులు కాలిన వాసన వస్తుంది. ఎక్కడమైనా దిగడమైనా చిన్న గేరులో పో. ఆటోమేటిక్ కారైతే మాన్యువల్ మోడ్ ఎలా పెట్టాలో ఇంటి దగ్గరే నేర్చుకో. ఇంకోటి, పైన 2,757 మీటర్ల ఎత్తు. చిప్స్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బుతాయి. అత్తయ్యగారి ఆవకాయ సీసా మూత నెమ్మదిగా తియ్యమను, లేకపోతే సీటు కవరు పోతుంది. మామయ్యగారికి బీపీ కదా, పైన పరుగులు పెట్టకుండా టీ తాగి కూర్చుంటే చాలు. బయల్దేరే ముందు డాక్టర్ని ఒక మాట అడగండి.

మరిది: జూన్‌లో దారి తెరిచే ఉంటుందా?

వదిన: మామూలుగా మే చివరో జూన్ మొదట్లోనో తెరుస్తారు. కానీ జూన్‌లో కూడా మంచు పడి ఒక రోజు మూసేయొచ్చు. ఆ పొద్దున వెబ్‌క్యామ్ చూసి కదులు. మూశారా, ఆ రోజు నేరుగా మ్యూస్టైర్ వెళ్లండి. గ్లుర్న్స్‌కి దగ్గరే, సరిహద్దు దాటగానే. నిజానికి నాకు స్టెల్వియో కన్నా అదే ఇష్టం. షార్లెమాన్ చక్రవర్తి కాలం నాటి మఠం, గోడల నిండా పన్నెండు వందల ఏళ్ల నాటి బొమ్మలు. 1983లోనే యునెస్కో జాబితాలో చేరింది. ఎంత ప్రశాంతంగా ఉంటుందో!

మరిది: స్విట్జర్లాండ్ అంటే ఆ విన్యెట్, అదే హైవేల టోల్ స్టిక్కర్, కొనాలిగా? 40 ఫ్రాంకులు.

వదిన: అది పెద్ద హైవేలకి. నువ్వు వెళ్లే లోయలో అవి లేవు, డబ్బు మిగిలినట్టే. ఆస్ట్రియాది మాత్రం కొను. ఇన్స్‌బ్రుక్ నుంచి తిరుగు ప్రయాణానికి కావాలి, పది రోజులది చాలు. ఇటలీ, ఆస్ట్రియాలని కలిపే బ్రెన్నర్ హైవేకి మళ్లీ వేరే టోల్. ఇటలీలో ఎక్కినచోట చీటీ తీసుకుని దిగినచోట కట్టాలి. స్విట్జర్లాండ్‌లోకి వెళ్లేముందు ఫోన్ డేటా ఆపేయండి. యూరోపియన్ యూనియన్ ఉచిత రోమింగ్ అక్కడ వర్తించదు. నీ ప్లాన్‌లో ఆ దేశం ఉందో లేదో చూసుకో.

మరిది: వదినా, ఆ జరిమానా కథ చెప్పండి. వినేవాళ్లకి పనికొస్తుంది.

వదిన: పరువు తియ్యడానికే పిలిచావా? సరే. మీ అన్నయ్యా నేనూ అద్దె కారులో ఇటలీలో ఓ పాత ఊరికి వెళ్లాం. వీధి మొదట్లో ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రని బోర్డు, కింద ‘వార్కో అత్తీవో’ అని వెలుగుతోంది. నేను ‘అత్తీవో అంటే యాక్టివ్, గేటు తెరిచే ఉంది, పోనీ’ అన్నాను. దానర్థం కెమెరా పనిచేస్తోంది, బయటి కార్లు లోపలికి రావద్దని! హోటల్ వెతుకుతూ రెండు కెమెరాల ముందు నుంచి వెళ్లాం. ఏడు నెలల తర్వాత రెండు జరిమానాలు వచ్చాయి. అంతకుముందే మా అడ్రసు ఇచ్చినందుకు అద్దె కంపెనీవాళ్లు కార్డు మీద కొంత లాగారు. మీ అన్నయ్య ఇప్పటికీ నన్ను ‘అత్తీవో’ అనే పిలుస్తాడు.

మరిది: అందుకా! ఇన్నాళ్లూ ముద్దు పేరనుకున్నా.

వదిన: పాత ఊరు కనబడగానే గోడ బయట పార్కింగ్‌లో కారు పెట్టి నడవండి, అంతే. నాలుగో రోజు బోల్జానో. 1991లో మంచులో దొరికిన ఓట్జీ శవం అక్కడి మ్యూజియంలో ఉంది. 5,300 ఏళ్ల నాటి మనిషి. చిన్న కిటికీలోంచి చూడాలి, వరుసలో నిలబడాలి. దొరికిన చోటు ఆస్ట్రియాదా ఇటలీదా అని కొలిస్తే, ఇటలీలోకి 92 మీటర్ల పైచిలుకు వచ్చింది. అందుకే శవం ఇటు వచ్చింది. ఆ ప్రాంతం కూడా మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాదే. ఇప్పటికీ బోర్డుల మీద జర్మన్, ఇటాలియన్ రెండూ ఉంటాయి. నావిగేషన్‌లో బోల్జానో అని కొట్టి, బోర్డు మీద బోట్సెన్ కనిపిస్తే కంగారు పడకు.

మరిది: ఐదో రోజు బ్రెన్నర్ మీదుగా ఇన్స్‌బ్రుక్, ఆరో రోజు ఇంటికి.

వదిన: ఆ రెండూ శనివారం పడకుండా చూడు. సెలవుల్లో శనివారం బ్రెన్నర్ అంటే పుష్కరాల రద్దీ. పైగా ఆ హైవే మీదున్న లూగ్ వంతెనని 2025 నుంచి తిరిగి కడుతున్నారు. హైవే దిగి ఊళ్లలోంచి పోదామనుకుంటావేమో, ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రంలో వారాంతాల్లో చాలాచోట్ల అలా దిగనివ్వరు. అత్తయ్యగారి, మామయ్యగారి పాస్‌పోర్టులు పెట్టెలో కాదు, చేతికి అందేలా ఉంచు. జర్మనీలోకి వచ్చేటప్పుడు ఆపి చూస్తారు. నువ్వు ఇంకా ఇండియా లైసెన్సు మీదే నడుపుతున్నావా?

మరిది: లేదు, జర్మన్‌ది వచ్చేసింది. మారిన ప్లాన్ ఇప్పుడే పంపాను, చూడండి.

వదిన: ఆగు... ఫ్యూసెన్, గ్లుర్న్స్, రెండు రాత్రులు... బాగుంది. ఇదేంటి, నాలుగో రోజు మధ్యాహ్నం వెనిస్?

మరిది: నాన్న అడిగారు వదినా. బోల్జానో నుంచి మూడు గంటలే...