బూజుకర్ర ఎత్తే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఇంకొన్నాళ్ళలో బతుకమ్మ, ఆ వెంటనే దసరా. హైదరాబాద్‌లో ఇంటింటా బూజుకర్రలు బయటికొచ్చే రోజులివి. ఆ కర్ర కొసకి చిక్కే ఒక ప్రాణి గురించి ఇవాళ చెబుతాను.

మీ స్నానాలగది మూలకో, మెట్ల కిందకో ఒకసారి చూడండి. బియ్యపుగింజంత ఒళ్ళు, వెంట్రుకల్లాంటి పొడవాటి కాళ్ళు, పొట్ట వెనక చిన్న మొన. పల్చని గూటిలో తలకిందులుగా వేలాడుతుంటుంది. శాస్త్రగ్రంథాల్లోకి ఇది 1867లో ఎక్కింది. ఇప్పటి పేరు క్రాసోప్రైజా లయోని. మనకి సాలెపురుగు అంటే చాలు. గూడు తాకితే పారిపోదు. ఉన్నచోటే గిరగిరా ఊగిపోతుంది, ఒళ్ళెక్కడో కాళ్ళెక్కడో కంటికి ఆననంత వేగంగా.

మూడేళ్ళ కింద, పండుగ ముందు, చిక్కడపల్లిలో మా ఇంటి గీజరు పక్కన ఒకటి కనిపించింది. కర్ర ఎత్తాను. దాని నోటి దగ్గర ఏదో తెల్లగా ఉంటే ఆగి, ఫోను లైటు వేశాను. గసగసాలు ఉండకట్టినట్టు, నోట్లో గుడ్ల మూట! సంచీ ఏమీ లేదు. నాలుగు పోగులు చుట్టి బిగించింది, అంతే. ఒక్కో గుడ్డూ విడిగా తెలుస్తోంది. లెక్కపెడుతూ ముప్పై దాటాక కళ్ళు చెదిరి వదిలేశాను.

ఆ రోజునుంచి పొద్దున లేస్తే అదే పని. నోట్లో మూట, తలకిందులుగా తల్లి. మర్నాడూ అంతే. ఒకరోజు ఓ దోమ గూటిలో చిక్కి కొట్టుకుంటోంది. మామూలుగా ఐతే వెనక కాళ్ళతో పోగులు లాగి దోమ మీదికి విసిరి, ఉండలా చుట్టేసి, ఆ తర్వాతే కాటేస్తుంది. ఆ రోజు కదల్లేదు. నోరు తెరిస్తే గుడ్లు జారతాయి. నోరు తెరవలేదు.

రెండు వారాలకి అటూ ఇటూగా, గుడ్ల లోపల సన్నటి నల్ల గీతలు కనిపించాయి. మడిచి పెట్టుకున్న కాళ్ళు! తర్వాత రెండు రోజులకి మూటంతా కాళ్ళే. పిల్లలు కొన్నాళ్ళు అమ్మ గూటిలోనే దుమ్ముకణాల్లా వేలాడి, ఒక్కొక్కటే గోడ పట్టుకుని వెళ్ళిపోయాయి.

ఈలోగా మా అత్తమ్మ, "పండుగ ముంగట బూజు ఉంచుతరా బిడ్డా?" అన్నారు. లైటు వేసి చూపించాను. చాలాసేపు చూశారు. "పిల్లల తల్లి. దాని జోలికి పోకు" అన్నారు. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అత్తమ్మ మాటలో న్యాయముంది, బూజు దులపాల్సిందే. కానీ బూజు వేరు, గూడు వేరు. సాలెపురుగు వదిలేసిపోయిన పాత దారాలకి దుమ్ము పట్టి, నల్లబడి, వేలాడేది బూజు. దులిపేయండి. మనిషి ఊపిరికే ఊగే పల్చని పోగులు, మధ్యలో ఓ ప్రాణి, అది గూడు.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ వైద్యుడు దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. సాలెపురుగులుంటే దోమలు పోతాయని నేను చెప్పను, కూలర్‌లో, పూలకుండీల కింద నిలవ నీళ్ళు పారబోయాల్సిందే. ఐతే పగలు దోమ నక్కేది స్నానాలగది చీకటి మూలల్లో. ఈ సాలెపురుగు గూడు కట్టేదీ ఆ మూలల్లోనే.

సాలెపురుగు పాకితే పొక్కులొస్తాయని భయపడతారు. ఒంటికి ఒక పక్కనే, పట్టీలా, మంటతో పొక్కులు లేస్తే అది చాలాసార్లు సర్పి. ఎప్పుడో ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో దాగిన వైరస్ మళ్ళీ లేవడం. పసరు మందులతో రోజులు గడపకండి, వెంటనే డాక్టరుకి చూపించండి. ఈ సాలెపురుగుకి అందులో ఏ పాత్రా లేదు.

ఇక మిమ్మల్ని కోరేది ఒక్కటే. కర్ర ఎత్తే ముందు ఆ మూలకి ఒకసారి లైటు వేయండి. నోట్లో తెల్లని మూట కనిపిస్తే ఆ ఒక్క మూలా వదిలేసి, మిగతా ఇల్లంతా దులుపుకోండి. రెండు మూడు వారాలాగి, పిల్లలు వెళ్ళిపోయాక అదీ దులపొచ్చు.

నిన్న రాత్రి మా గీజరు పక్కన లైటు వేసి చూశాను. ఒకటి వేలాడుతోంది. నోట్లో ఇంకా ఏమీ లేదు, పొట్ట మాత్రం నిండుగా ఉంది.

నమస్కారం.