పాత బండి పవర్ యాంటెనా: మోటారు మార్చేముందు చూడవలసినవి

నమస్కారమండి. భీమవరం, నరసాపురం, రాజోలు, అమలాపురం వైపు నుంచి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్లకీ, చిన్నాచితకా రిపేర్లు సొంతంగా చేసుకునే డ్రైవర్లకీ స్వాగతం. ఇవాళ్టి విషయం పాత పికప్పుల మీదా చిన్న లారీల మీదా ఉండే పవర్ యాంటెనా. రేడియో పెట్టగానే పైకి లేచి, ఆపగానే మడ్‌గార్డులోకి దిగిపోయే ఆ రాడ్డు.

అసలు సంగతి ముందే చెబుతాను. మన డెల్టాలో ఈ యాంటెనా కిందనుంచి పాడవుతుంది. అడుగున నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోతుంది, ఎర్త్ దగ్గర తుప్పు పడుతుంది. ఈ రెండూ సరిచేయకుండా కొత్త మోటారు వేస్తే, వానాకాలం వెళ్లేసరికి అదీ పోతుంది. కస్టమరు మళ్లీ మన దగ్గరికే వస్తాడు, మనం మళ్లీ మోటారే పోయిందంటాం. ఆ అలవాటు మానాలి.

సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలి ఎలాగూ ఉంది. దానికి తోడు రొయ్యల బళ్లు. ముందు వెళ్తున్న బండిలోంచి ఐసు కరిగి ఉప్పునీళ్లు రోడ్డుమీద కారతాయి. వెనకొచ్చే బండి చక్రం ఆ నీళ్లను ఎగజల్లి మడ్‌గార్డు లోపలికి కొడుతుంది. యాంటెనా మోటారు ఉండేది సరిగ్గా అక్కడే. కోతల రోజుల్లో గడ్డి నలుసులు, మిల్లుల దగ్గర ఊక, కొబ్బరి లోడు ఎత్తే చోట పీచు. ఇవన్నీ బురదతో కలిసి గొట్టం మూతిలో గట్టిపడతాయి. ఇక కాలవగట్టు రోడ్లలో కిందికి వాలిన కొబ్బరి మట్ట ఒక్కటి తగిలితే రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డు లోపలికి దిగదు, మోటారు మాత్రం లాగుతూనే ఉంటుంది.

ఇది పనిచేసే తీరు చూద్దాం. రాడ్డు ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు. అన్నిటికన్నా సన్నదాని అడుగున ఒక నైలాన్ కేబులు ఉంటుంది, దానికి ఒకవైపు పళ్లు. మోటారు తిరిగితే గేరు ఆ పళ్లను పట్టుకుని కేబులును పైకి తోస్తుంది. కిందికి లాగినప్పుడు ఆ కేబులు మెజరింగ్ టేపులా డబ్బాలో చుట్టుకుంటుంది. పూర్తిగా లేచాకా, పూర్తిగా దిగాకా మోటారును ఆపడానికి కొన్నిటిలో లిమిట్ స్విచ్ ఉంటుంది, కొన్నిటిలో జారే క్లచ్‌తో పాటు కొన్ని సెకన్లకు కరెంటు తీసేసే సర్క్యూట్ ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. క్లచ్ రకంలో చివర్లో ఒకటి రెండు క్షణాలు టకటక వినబడటం మామూలే.

వైర్లు మూడు. బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 ఓల్టులు ఉండే వైరు, దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు. రేడియో నుంచి వచ్చే సిగ్నల్ వైరు. మూడోది ఎర్త్, ఇది చాలా బళ్లలో బిగించిన నట్టు ద్వారానే బాడీకి వెళ్తుంది. సాధారణంగా ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ఉంటాయి గానీ రంగు కంపెనీని బట్టి మారుతుంది. రంగు నమ్మకండి, మీటరు పెట్టి తేల్చుకోండి.

24 ఓల్టుల లారీ అయితే ఒక జాగ్రత్త. ఈ యాంటెనాలు 12 ఓల్టులవి. రెండు బ్యాటరీల మధ్య లింకు నుంచి 12 తీసి ఇచ్చేయడం మన దగ్గర బాగా అలవాటు. అలా చేస్తే కింది బ్యాటరీ ఒక్కటే వాడకానికి లోనై ఎప్పుడూ తక్కువ చార్జిలో ఉంటుంది, పైది అతిగా చార్జవుతుంది. కొన్నాళ్లకు రెండూ పోతాయి. 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టరు, 10 ఆంపియర్లకు తగ్గనిది, పెట్టండి.

బండి వచ్చాక ముందు చెవితో పని. ఇంజిను ఆపి, తాళం తిప్పి, రేడియో పెట్టించి మడ్‌గార్డు దగ్గర వినండి. మోటారు గిర్రున తిరుగుతోంది, రాడ్డు కదలట్లేదు అంటే కేబులు తెగింది లేదా పళ్లు అరిగాయి. కొంత లేచి టకటకమంటూ ఆగిందంటే రాడ్డు వంగింది లేదా మురికితో బిగిసింది. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే లిమిట్ స్విచ్ గానీ సర్క్యూట్ బోర్డు మీది రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తీసే స్విచ్) గానీ అతుక్కుపోయింది. అప్పుడు వెంటనే ఫ్యూజు తీసేయండి. మూడు నాలుగు ఆంపియర్లు లాగే మోటారు రాత్రి పది గంటలు తిరిగితే 30, 40 ఆంపియర్-అవర్లు పోతాయి, పొద్దున్న బండి స్టార్టవదు. ఇక అసలు చప్పుడే లేకపోతే, ఎక్కువమంది మోటారు విప్పేది ఇక్కడే. విప్పకండి.

ముందు ఫ్యూజు. తర్వాత కనెక్టరు ఊడదీసి కరెంటు చూడండి. ఒట్టి మీటరుతో చూస్తే మోసపోతాం. తుప్పు పట్టిన వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12.5 చూపిస్తుంది, మోటారు తగిలిస్తే అది రెండుకి పడిపోతుంది. అందుకని 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు సోల్డరు చేసి పెట్టుకోండి. అది 12 ఓల్టుల మీద దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఒక కొస బ్యాటరీ నుంచి వచ్చే వైరు (సాధారణంగా ఎరుపు) మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. బల్బు నిండుగా వెలిగిందా, ఆ వైరు మంచిదే. దీపంలా మినుకుమందా, ఫ్యూజు హోల్డరులోనో కనెక్టరులోనో చిలుము ఉంది. సిగ్నల్ వైరు మీద మాత్రం ఈ బల్బు పెట్టకండి. రేడియో నుంచి వచ్చే ఆ లైను ఆంపియరులో కొద్ది భాగమే ఇవ్వగలదు, కాలిపోతుంది. దాన్ని మీటరుతోనే చూడాలి, రేడియో పెట్టినప్పుడు 12 రావాలి.

ఇప్పుడు ఎర్త్. మీటరు నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర పిన్ను యాంటెనా లోహం మీద. మోటారు తిరుగుతుండగా రీడింగ్ 0.2 ఓల్టు లోపు ఉంటే బాగున్నట్టు. అర ఓల్టు దాటితే ఎర్త్ బాగుచేశాకే మిగతా పని. మోటారు అసలు తిరగకపోతే అదే బల్బును బ్యాటరీ పాజిటివ్ నుంచి యాంటెనా బాడీకి పట్టుకుని ఆ రీడింగే కొలవండి. బాగుచేయడం కష్టం కాదు. నట్టు కూర్చునే చోట పెయింటు, తుప్పు గీకి తెల్లటి ఇనుము తేలేదాకా రుద్దాలి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. బిగించాక పూయాలి, ముందు కాదు. దాంతోపాటు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల విడి ఎర్త్ వైరు నేరుగా ఛాసిస్‌కి వేయండి. ఇక్కడ కట్టించిన చెక్క ఫ్రేము క్యాబిన్ లారీలకైతే ఇది తప్పనిసరి. రేకుకీ ఛాసిస్‌కీ మధ్య చెక్క ఉన్నప్పుడు ఎర్త్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

కొత్త స్టీరియో వేసిన బళ్లలో ఇంకో తికమక. స్టీరియో వెనక నీలం వైరు యాంటెనాకి, నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్లిఫయరుకి. చార వైరుకి యాంటెనా కలిపితే పెన్‌డ్రైవ్ పాటలు పెట్టినా రాడ్డు లేచి నిలబడుతుంది, కొబ్బరి మట్టలకు దొరుకుతుంది. నీలం వైరుకి కలిపితే, రేడియో వింటున్నప్పుడే లేచేలా చాలా సెట్లలో ఉంటుంది. కొన్ని పాత రకం మోటార్లకు లోపల రిలే ఉండదు, రెండే వైర్లు, ప్లస్, మైనస్ తారుమారు చేస్తే తిరుగుడు మారుతుంది. వాటికి సిగ్నల్ వైరు నేరుగా ఇవ్వకూడదు. ఐదు పిన్నుల రిలేలు రెండు తీసుకుని, రెండిటి 87 నంబరు పిన్నుకి ఫ్యూజు దాటిన పాజిటివ్, 87ఏ పిన్నుకి ఎర్త్, ఒక్కోదాని 30 నంబరు పిన్ను నుంచి ఒక్కో మోటారు వైరు. ఊరికే ఉన్నప్పుడు మోటారు రెండు కొసలూ ఎర్త్ మీదే ఉంటాయి. ఏ రిలే లాగితే ఆ వైపు తిరుగుతుంది. లిమిట్ స్విచ్ లేని మోటారైతే రిలేలను నొక్కి వదిలే స్విచ్‌తోనే నడపాలి.

కేబులు మాత్రమే తెగి మోటారు బాగుంటే, డబ్బా కిందికి దించకుండానే కొత్త రాడ్డు వేయొచ్చు. కొనేముందు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి. పళ్ల దూరం, కేబులు మందం, పొడవు ఒకటే కావాలి. పళ్ల దూరం కాస్త తేడా ఉన్నా నాలుగు రోజులకే గేరు నమిలేస్తుంది. పొడవు ఎక్కువైతే అడుగు కొస పాతదానికి సరిగ్గా కొలిచి కోయొచ్చు. పైనట్టు విప్పి, రేడియో పెట్టిస్తే మోటారే పాత రాడ్డును కేబులుతో సహా బయటికి తోసేస్తుంది. పళ్లు ఏ వైపు తిరిగి ఉన్నాయో అప్పుడే చూసుకోండి. కొత్త కేబులును అదే వైపు పళ్లతో లోపలికి దింపి, గేరుకు ఆనాక రేడియో ఆపించండి. మోటారు లాక్కుంటుంటే నిటారుగా చేత్తో అందిస్తూ ఉండాలి, తోయకూడదు. దిగిపోయాక నట్టు.

కానీ కేబులు మధ్యలో తెగి ముక్క లోపలే ఉండిపోతే డబ్బా విప్పక తప్పదు. బల్లమీద ఉన్న ఈ ముక్క చూడండి. తెగిన చోట తెల్లగా పొరలు లేచి ఉంది, గోటితో నొక్కితే పుల్లలా విరుగుతోంది. ఎండకీ ఇంజిను వేడికీ నైలాన్ ఇలా పెళుసెక్కుతుంది. ఇందులో ఒక్క పన్ను గేరులో మిగిలినా కొత్త కేబులు ఇరుక్కుంటుంది. ముక్కలన్నీ జోడించి చూసి, లెక్క సరిపోయాకే మూత పెట్టాలి.

విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి. పైనట్టుకు రెండు గాడులుంటాయి, చుట్టూ టేపు అంటించి సర్‌క్లిప్ ప్లయరుతో తిప్పితే పెయింటు గీరుకుపోదు. బిగిసిపోతే తుప్పు వదిలే నూనె వేసి అరగంట ఆగండి. స్టీరియో వెనక యాంటెనా ప్లగ్గు ఊడదీసి, దానికి పురికొస కట్టి అప్పుడు కింద నుంచి లాగండి. మళ్లీ అదే దారిలో ప్లగ్గు పైకి రావడానికి ఆ పురికొసే దిక్కు.

డబ్బా లోపల పాత గ్రీజు కిరసనాయిలుతో తుడిచి, పలచగా తెల్ల లిథియం గ్రీజు రాయండి. ఛాసిస్ గ్రీజు వద్దు, ఇసుకను పట్టుకుని గేరును అరగదీస్తుంది. మోటారు కార్బన్లు (లోపలికి కరెంటు అందించే బ్రష్‌లు) కదులుతున్నాయా చూసి, అవి రాసుకునే రాగి కమ్యుటేటరును సన్న శాండ్ పేపరుతో రుద్ది, గాడుల్లో నల్లపొడి సూదితో తీయండి. బుష్‌లకు ఒక్కో చుక్క మెషిన్ ఆయిలు చాలు. బోర్డు మీద పచ్చ చిలుము ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బ్రష్ చేసి, రిలే కాళ్ల దగ్గర పగిలిన సోల్డరు మళ్లీ కరిగించండి. గేరూ బోర్డూ రెండూ పోయినదానికి డబ్బు తగలెయ్యొద్దని కస్టమరుకు చెప్పేయండి. మామూలు నిలువు రాడ్డు వేసినా రేడియో అంతే బాగా వినబడుతుంది, మట్టలకు తగలడం ఒక్కటే ఇబ్బంది.

ఇక గొట్టం. మళ్లీ నీళ్లు రాకుండా అని అడుగున సీలెంటు పూసేవాళ్లున్నారు. రాడ్డు సందులోంచి నీళ్లు ఎలాగూ దిగుతాయి, అవి పోయే దారి మూసేస్తే మోటారు నీళ్లలోనే కూర్చుంటుంది. సీలు పైన రబ్బరుకే, అడుగు తెరిచే ఉండాలి. గొట్టం మూతి కిందికి, చక్రం చిమ్మే వైపు కాకుండా తిప్పండి. పైనుంచి ఒక గ్లాసు నీళ్లు పోస్తే కింద వెంటనే కారాలి. వానాకాలం ముందు ఒకసారి, కోతలయ్యాక ఒకసారి సన్నటి తీగతో పొడవండి. రాడ్డుకు నూనె, గ్రీజు రాయకండి. లేపి పొడిగుడ్డతో తుడిచి, సిలికాన్ స్ప్రే గుడ్డమీద కొట్టుకుని పలచగా రుద్ది, మళ్లీ తుడిచేయండి.

బిగించాక చివరి పరీక్ష కోయాక్స్ కేబులుది, అంటే రాడ్డు నుంచి రేడియోకి సిగ్నల్ తెచ్చే వైరుది. ప్లగ్గు మధ్య పిన్ను నుంచి రాడ్డుకి ఓమ్‌లు దాదాపు సున్నా, పిన్ను నుంచి పై జాలీకి (చుట్టూ అల్లిన తీగ) ఏమీ చూపించకూడదు, జాలీ నుంచి బాడీకి ఒక ఓమ్ లోపు. పిన్నుకీ జాలీకీ మధ్య కొన్ని వేల ఓమ్‌లు చూపిస్తే రాడ్డు అడుగున ప్లాస్టిక్ మీద ఉప్పు పొర ఉన్నట్టే, లేదా కేబులులో నీళ్లు చేరినట్టు. ఇలాంటప్పుడు ఎఫ్‌ఎమ్ బాగానే వస్తుంది, మీడియం వేవ్ పోతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగంలో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు, రాడ్డు ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి ఎఫ్‌ఎమ్ సిగ్నల్ గట్టిగా అందుతుంది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్‌కి నాలుగో వంతు 90 మీటర్ల దాకా ఉంటుంది. అంత పొట్టి రాడ్డు పట్టే కాస్త సిగ్నలూ ఆ ఉప్పు పొరలోంచి కారిపోతుంది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి.

పాత రేడియోల్లో చాలావాటికి యాంటెనా ప్లగ్గు దగ్గరో, ముందు బిరడా వెనకో ఒక చిన్న ట్రిమ్మరు స్క్రూ ఉంటుంది. యాంటెనా మార్చినప్పుడు దాన్ని సరిచేయాలి. రాడ్డు పూర్తిగా లేపి, 1400 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వినబడీ వినబడని స్టేషను పెట్టండి. పగలు దొరక్కపోతే చీకటిపడ్డాక దొరుకుతుంది. సన్న స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి, శబ్దం బాగా పెరిగిన చోట వదిలేయండి. ఇక బల్ల దగ్గరికి రండి, విప్పిన డబ్బాలు రెండున్నాయి. చేత్తో పట్టుకుని చూస్తూ అడగాల్సినవి అడగండి.