మూడు ఎల్ఈడీలు ఎగిరిపోయాక

శ్రోతలకు నమస్కారం.

చీకటి పడ్డాక విశాఖ ఆర్కే బీచ్‌లో కూర్చుంటే హార్బరు వైపు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు సైన్స్ ఎగ్జిబిషన్ కోసం ఆ కొండనీ లైట్‌హౌస్‌నీ థర్మాకోల్‌తో చేసింది. దీపానికి పది తెల్ల ఎల్ఈడీలున్న ప్యాకెట్టూ, 9 వోల్టుల బ్యాటరీ ఒకటీ కొనుక్కుంది.

ఎల్ఈడీని తిన్నగా బ్యాటరీకి తగిలించింది. కళ్లు జిగేల్‌మనేలా వెలిగి, టప్‌మని ఆరిపోయింది. కాస్త కమురు వాసన. రెండోదీ అంతే. మూడోదీ అంతే. "మావయ్యా, షాపువాడు పాడైపోయిన సరుకు ఇచ్చాడు!" అని నాకు ఫోను.

ఇద్దరం డాబాగార్డెన్స్‌లో షాపుకి వెళ్లాం. పోట్లాటకే వెళ్లామనుకోండి. షాపాయన మూడింటినీ అరచేతిలో వేసుకుని చూసి, "ఏటమ్మా, రెసిస్టెన్స్ వెయ్యకుండా తిన్నగా కలిపీసేవా?" అన్నాడు. మా ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి.

సంగతేమిటంటే, పాతకాలపు టార్చిలైటు బల్బులో తీగ వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డం తిరుగుతుంది. భోజనాల్లో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అంటామే, అలాగన్నమాట. ఎల్ఈడీకి ఆ చెయ్యి లేదు. తెల్లదానికి సుమారు 3 వోల్టులు చాలు. అది దాటాక వోల్టేజి కొంచెం పెరిగితే కరెంటు అనేక రెట్లు పెరిగిపోతుంది. వడ్డించినంతా తినేసి చచ్చిపోతుంది. ఆ అడ్డం పెట్టే చెయ్యే రెసిస్టర్. షాపాయన రెసిస్టెన్స్ అన్నది దీన్నే.

మరి ఎంత రెసిస్టరు? ఆయన బిల్లు పుస్తకం వెనక లెక్క వేసి చూపించాడు. బ్యాటరీ 9. ఎల్ఈడీకి 3. తొమ్మిదిలో మూడు పోతే ఆరు. ఆ 6 వోల్టులనీ రెసిస్టరే మొయ్యాలి. చిన్న ఎల్ఈడీకి మామూలుగా 20 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో యాభయ్యో వంతు, గరిష్ఠం. ఆరుని దానితో భాగిస్తే 300 ఓములు. ఇది 1827లో ఓమ్ గారు అచ్చు వేయించిన సూత్రమే, మనం పదో తరగతిలో బట్టీ పట్టి మర్చిపోయిందే! అయితే 300 అంటే సరిగ్గా అంచు. ఆయన 470 ఓముల రెసిస్టరు చేతిలో పెట్టాడు. పసుపు, ఊదా, గోధుమ రంగు గీతలుంటాయి. దాంతో 13 మిల్లీ ఆంపియర్ల దాకా పోతుంది. వెలుగులో తేడా కంటికి పెద్దగా తెలియదు. నన్నడిగితే ఇంట్లో ఒక్క విలువే ఉంచుకోవాలంటే 470యే ఉంచుకోండి.

కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు పిల్ల కొండ కింద ఓడ పెట్టి, దానికో ఎర్ర ఎల్ఈడీ చేర్చింది. ఉన్న ఒక్క రెసిస్టరుకే రెండింటినీ పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా, కలిపేసింది. ఓడ వెలిగింది, లైట్‌హౌస్ ఆరిపోయింది! ఎర్రదానికి 2 వోల్టులే చాలు కనుక అది ముందే వెలిగి, వోల్టేజిని అక్కడే పట్టి ఉంచేసింది. తెల్లదానికి కావలసిన మూడు ఎక్కడినుంచి వస్తాయి? ఈసారి కాలిపోలేదు, ఆకలితో పడుకుంది. తెల్లదానికి ఒకటి, ఎర్రదానికి ఒకటి, వేరువేరుగా 470లు వేశాక రెండూ వెలిగాయి.

అందుకే ఇంట్లో ఇలాంటివి చేసే పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. పక్కపక్కన కలిపేటప్పుడు దీపానికో రెసిస్టరు. దీపానికో రెసిస్టరు. ముందు ఎల్ఈడీ పొడుగు కాలికి రెసిస్టరు మెలిపెట్టి, టంకం వేసి, ఆ తర్వాతే బ్యాటరీ చేతికి తీసుకోండి. పొడుగు కాలు ప్లస్సు వైపు. కాళ్లు కత్తిరించేస్తే, గుండ్రటి అంచు మీద చదునుగా ఉన్న వైపు మైనస్సు. రెసిస్టరు పొట్టి కాలికి వేసినా పనిచేస్తుంది, ఆ గొడవ వద్దు. వెయ్యడం మర్చిపోకపోతే చాలు.

ఇప్పుడు మా పిల్ల, అసలు లైట్‌హౌస్‌లాగ ఇదీ ఆరి వెలగాలంటోంది. దానికి 555 అనే చిన్న ఐసీ, అంటే చిప్పు, కావాలట. ఆదివారం మళ్లీ డాబాగార్డెన్స్ వెళ్తున్నాం. ప్యాకెట్లో మిగిలిన ఏడు ఎల్ఈడీలూ బతికే ఉన్నాయి.