బూజు మీద మందు పరీక్ష: అంకె వెనుక ఉన్న పని

సభకు నమస్కారం. 2021లో కోవిడ్ రెండో విడత నాటికి హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి బ్లాక్ ఫంగస్ రోగులు వరుసకట్టినప్పుడు, యాంఫోటెరిసిన్ బి అనే మందు పేరు మన ఇళ్లలోనూ వినబడింది. ఒక బూజును అణిచే మందుకు మరో బూజు ఎందుకు లొంగదో, ఆ సంగతి ప్రయోగశాలలో ఎలా తేలుతుందో ఈరోజు మనవి చేస్తాను.

బాక్టీరియాలా బూజు ద్రవంలో సమంగా కలవదు, దారాలుగా అల్లుకుంటుంది. అందుకే పరీక్షను సిద్ధబీజాలతో మొదలుపెడతాం. పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ అనే పెంపక మాధ్యమం మీద పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు నీలి ఆకుపచ్చ పొడిలా ఉంటుంది; మూత తీయగానే బీజాలు గాలిలోకి లేస్తాయి కనుక ఈ పని బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే జరగాలి. సబ్బులా పనిచేసే ట్వీన్ అనే ద్రవం చుక్క కలిపిన సెలైన్‌తో బీజాలను తడిపి తీసి, ముద్దలు అడుగుకు దిగేదాకా మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి, పైతేటను మాత్రమే వాడాలి. ఈ కాస్త ఓపిక లేక బీజాల లెక్క హెచ్చితే, మందుకు లొంగే బూజు కూడా మొండిదిగా కనబడుతుంది.

96 గుంటల ప్లేటులో, ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవంలో, మందు గాఢతను గుంట గుంటకూ సగానికి తగ్గిస్తూ పోతాం. 35 డిగ్రీల వద్ద ఉంచి, బ్లాక్ ఫంగస్ కలిగించే రైజోపస్‌ను సుమారు ఒక రోజుకు, ఆస్పర్జిల్లస్‌ను రెండు రోజులకు, సెడోస్పోరియం అనే మరో బూజును మూడు రోజులకు చూస్తాం. కింద అద్దం పెట్టి చూసినప్పుడు పెరుగుదల ఏమాత్రం లేని అతి తక్కువ గాఢతే యాంఫోటెరిసిన్‌కూ, అజోల్ తరగతి మందైన వోరికొనజోల్‌కూ ఎంఐసీ, అంటే కనీస నిరోధక గాఢత. ఎకైనోక్యాండిన్లనే మరో తరగతి బూజు మందులకు ఈ కొలత పనికిరాదు; అవి ఆస్పర్జిల్లస్ పెరుగుదలను పూర్తిగా ఆపవు, దారాలను పొట్టి, గుండ్రటి ఉండలుగా కుదించేస్తాయి. ఆ మార్పు మొదలైన గాఢతనే నమోదు చేయాలి. కొత్తగా చేరినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

బూజు జాతి తెలియకుండా అంకెకు అర్థం లేదు. బ్లాక్ ఫంగస్ కలిగించే మ్యూకర్ జాతులు వోరికొనజోల్‌కు సహజంగానే లొంగవు. ఆస్పర్జిల్లస్ టెర్రియస్‌పై యాంఫోటెరిసిన్ సరిగా పనిచేయదు.

ఫ్యూమిగేటస్ సంగతి ఇంకా ఆందోళనకరం. నెదర్లాండ్స్‌లో మొదట బయటపడిన ఈ బూజును అజోల్ మందులకు లొంగనివ్వని టీఆర్34 అనే జన్యుమార్పు, పంటలపై చల్లే అజోల్ మందుల ఒత్తిడికే పుట్టిందని పరిశోధకులు భావిస్తున్నారు. మన వరి పొలాల్లో చల్లే ప్రొపికొనజోల్, టెబుకొనజోల్ కూడా అజోల్ మందులే. కాబట్టి రోగి ఏనాడూ అజోల్ మింగలేదన్న కారణంతో ఈ పరీక్షను పక్కన పెట్టడానికి వీల్లేదు.