పత్తిని డిసెంబరుకల్లా ముగించాలంటే

రైతు సోదరులకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

పత్తి గింజను నేరుగా చేలో వేయకుండా, నారు పెంచి నాటడం గురించి చెబుతాను. పత్తికి నారేంటి అని మీకు అనిపించవచ్చు. చైనాలో యాంగ్జీ నది లోయ రైతులు దశాబ్దాలపాటు అదే చేశారు. గోధుమ ఇంకా చేలో ఉండగానే, ఎరువు కలిపిన మట్టి దిమ్మెల్లో పత్తి నారు పెంచి, కోత కాగానే నాటేవారు. వాళ్లు రెండో పంట కోసం టైమ్ మిగుల్చుకున్నారు. మనం గులాబీ రంగు పురుగు నుంచి తప్పించుకోవడానికి మిగుల్చుకోవాలి.

పురుగును చంపేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి ఆ పురుగు ఎప్పుడో అలవాటు పడిపోయింది. కాయలో దూరాక మందు దానికి తగలదు. ఇంకో తీత (పత్తి ఏరడం) వస్తుందన్న ఆశతో ఫిబ్రవరి దాకా చేను ఉంచితే, వచ్చే ఏటి పురుగును కూడా మనమే పెంచినట్టు. కాపు ముందే రావాలి, చేను డిసెంబరుకల్లా ఖాళీ కావాలి.

అయితే పత్తి తల్లివేరు చాలా సున్నితం. మడిలో పెంచి పీకి నాటితే బతకదు. చిన్న పాలిథిన్ సంచుల్లోనో, ట్రేలలోనో పెంచి, మూడు వారాల వయసులో మట్టి చెదరకుండా నాటాలి. అలా చేసినా మొక్క కొన్నాళ్లు దిగాలుగా ఉంటుంది. కాబట్టి 20 రోజుల నారు నాటితే 20 రోజులూ కలిసిరావు.

ఇక్కడే బ్యాక్టీరియా పనికొస్తుంది. వేరుకు దెబ్బ తగిలితే మొక్కలో ఎథిలీన్ అనే వాయువు పెరిగి, వేరు ఎదుగుదల ఆగుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు ఆ ఎథిలీన్‌కు ముడిసరుకైన పదార్థాన్నే తినేస్తాయి. అజోస్పైరిల్లం అనే ఇంకో బ్యాక్టీరియా వేరును పెంచే హార్మోన్ ఇస్తుంది, పీచు వేర్లు బాగా వస్తాయి. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా, నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని వేరుకు అందేలా చేస్తుంది. మొక్క తొందరగా తేరుకుంటే గూడ (పూమొగ్గ), పూత కూడా తొందరగా మొదలవుతాయి. బీటీ విత్తనం మందు పట్టించే వస్తుంది కాబట్టి, ప్యాకెట్లలో దొరికే ఈ బ్యాక్టీరియా కల్చర్‌ను గింజకు కాకుండా సంచిలో నింపే పశువుల ఎరువులో కలపండి. యూరియాతో కలపొద్దు, ఎండలో పెట్టొద్దు. ప్యాకెట్ మీద తేదీ తప్పకుండా చూడండి, గడువు దాటిన కల్చర్‌లో మిగిలేది ఉత్త పొడి.

ఎకరమంతా నారు నాటమని నేను చెప్పను. 90 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నాటినా ఏడు వేల మొక్కలు దాటుతాయి, కూలీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. బోరు లేని చేలో వాన ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. వర్షాధార చేలో పోగుంటలు (గింజ మొలవని ఖాళీలు) నింపడానికి మాత్రం కొన్ని సంచులు పెంచుకోండి. ఆ ఖాళీల్లో ఆలస్యంగా గింజ వేసిన చోట కాయలు వెనకబడి, పురుగుకు అవే ఆసరా అవుతాయి.

బోరున్నవాళ్లు ముందు ఐదు గుంటల్లో పెట్టి చూడండి. పక్కన అదే విత్తనం నేరుగా నాటండి. మొదటి పూత, మొదటి తీత ఏ రోజు వచ్చాయో, కూలీకి ఎంతయిందో రెండిటికీ విడివిడిగా రాసుకోండి.