తీర్మానం చదివింది నేనే

ప్రభువునందు ప్రియమైన కాపరులకు, సంఘ పెద్దలకు, వెనుక వరుసల్లో కూర్చున్న స్త్రీల సమాజం సహోదరీలకు వందనాలు. వేదిక మీద ఉన్నవారందరినీ పేరుపేరునా తలచుకోవడం మన ఆనవాయితీ. నాకిచ్చింది పదిహేను నిమిషాలే, క్షమించండి.

సంఘ క్రమశిక్షణ గురించి మాట్లాడమన్నారు. మత్తయి సువార్త 18వ అధ్యాయం 15 నుంచి 17 వరకు మీకు కంఠతా వచ్చు. తప్పు చేసినవాడి దగ్గరకు ముందు ఒంటరిగా వెళ్ళాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా కాదంటేనే అతన్ని వేరుగా ఎంచాలి. మనమేమో ఎవరి గడపా తొక్కకుండానే తీర్మానం రాసేస్తున్నాం. అదీ పేదల విషయంలో.

ఈ సంగతి చెప్పడానికే ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళ కిందట, నేను పెద్దగా ఉన్న సంఘంలో, కూలికి వెళ్ళే ఇంటి అమ్మాయి పెళ్ళి కాకుండానే గర్భవతి అయింది. ఆదివారం ఆరాధనలో ఆమెను లేపి నిలబెట్టాం. తలమీద కొంగు కప్పుకుని నేల చూస్తూ నిలబడింది. ఆరు నెలలు ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనలో, పాలు పొందకూడదని తీర్మానం చదివాం. చదివింది నేనే. అంతకుముందు ఆ ఇంటికి మాలో ఒక్కరమూ వెళ్ళలేదు. ఆమె గర్భానికి కారణమైన అబ్బాయి సంఘ కమిటీ సభ్యుడి కొడుకు. ఆ రోజు రొట్టె పళ్ళెం అతని దాకా వెళ్ళింది. ఎవరూ ఆపలేదు.

ఆ అమ్మాయి మళ్ళీ మందిరానికి రాలేదు. ఆరు నెలలు గడిచాక రమ్మని పిలిచినవారూ లేరు. కొరింథు సంఘంలో తండ్రి భార్యను ఉంచుకున్నవాణ్ని వెలివేయమని ఆ సంఘానికి రాసిన మొదటి పత్రికలో అపొస్తలుడైన పౌలు ఎంత కఠినంగా రాశాడు! రెండో పత్రిక 2వ అధ్యాయంలో, శిక్ష పొందిన ఒకడి గురించి, ఇక చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అంటాడు. ఇద్దరూ ఒకరేనా అన్నది పండితులు తేల్చుకుంటారు. అయ్యా, మీ మినిట్స్ పుస్తకాలు తెరవండి. బల్ల నుంచి ఆపినట్టు రాసిన పేజీలు దొరుకుతాయి. తిరిగి చేర్చుకున్నట్టు రాసిన పేజీ ఒక్కటి నాకు చూపించండి.

రాసుకొచ్చిన మిగతా అంశాలు వదిలేస్తున్నాను. కాపరుల గురించి మాత్రం చెప్పాలి. కాపరి దేవుని అభిషిక్తుడు, అతణ్ని ముట్టకూడదు అంటారు. దావీదు రాజు అభిషిక్తుడు కాడా? అతను పాపం చేసినప్పుడు ప్రవక్త నాతాను వెళ్ళి ఆ మనుష్యుడివి నీవే అని ముఖాన చెప్పలేదా? సంఘ పెద్దమీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న మాట తిమోతి మొదటి పత్రిక 5వ అధ్యాయం 19వ వచనంలో ఉంది. పాపంలో ఉన్నవారిని అందరి ఎదుట గద్దించమనే 20వ వచనం దాని పక్కనే ఉంది.

పసిపిల్లల మీద చేయి వేసినవాడి విషయంలో అయితే కమిటీలు వేయకండి, రాజీలు కుదర్చకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చిన్నవారిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో ముంచడం మేలు అన్న మాట కూడా ఆ మత్తయి 18లోదే.

మధ్యాహ్నం మీ చేతికి కొత్త నియమావళి ముసాయిదా వస్తుంది. అందులో తీర్మానం తేదీకి గడి ఉంది. ఇంటికి వెళ్ళి మాట్లాడిన తేదీకి గడి లేదు. మళ్ళీ తీసుకురావడానికి వెళ్ళవలసినవారి పేరుకు గడి లేదు. అవి రెండూ చేర్చేదాకా నేను దాని మీద సంతకం పెట్టను.