నన్ను ఎత్తుకోవద్దు, దారి వెయ్యండి
(డిసెంబర్ 3న తిరుపతిలో జరిగిన సభలో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు మైకులో ఇప్పటికే రెండుసార్లు వచ్చాయి, నాకిచ్చింది పదిహేను నిమిషాలు, అందుకని అందరికీ కలిపి ఒకే దండం పెడుతున్నాను. నేను కింద నుంచే మాట్లాడతాను. ఇందాక నలుగురు అబ్బాయిలు పరుగున వచ్చి "మేడం, చక్రాల కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టేస్తాం" అన్నారు. బంగారం లాంటి పిల్లలు. వద్దన్నాను, వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. ఎందుకు వద్దన్నానో వాళ్లకు చెప్పాలి.

మీరు నన్ను మాట్లాడమన్నది ఢిల్లీలోని ఎన్‌సీపీఈడీపీ గురించి. వికలాంగుల ఉపాధి కోసం 1996లో మొదలైన జాతీయ సంస్థ అది. చాలా ఏళ్లు దాన్ని నడిపించింది జావేద్ ఆబిదీ. పుట్టుకతోనే వెన్నెముక లోపం, ఆయనదీ చక్రాల కుర్చీయే. 2018లో పోయారు. మన దగ్గర వికలాంగుల సేవ అంటే మూడు చక్రాల బళ్లు పంచడం, పండ్లు, శాలువా, ఫొటో. తప్పని అనను, నేనూ ఒకప్పుడు ఆ బండి తీసుకున్నదాన్నే. కానీ బండి ఇచ్చాక ఆ బండి ఎక్కడికి పోవాలి, ఏ గుమ్మం దాకా పోగలదు అని అడిగేవాళ్లు కావాలి కదా. ఆ సంస్థ పట్టుకున్నది ఆ పని. చట్టం అడగడం, వచ్చిన చట్టాన్ని అమలు చెయ్యమని వెంటపడటం.

దాని గురించి చెప్పే ముందు మా నాయన గురించి చెప్పాలి.

మాది పాకాల పక్కన పల్లె. నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. 1994 ఎండాకాలంలో వైకల్యం సర్టిఫికెట్ కోసం నాయన నన్ను చిత్తూరుకు తీసుకెళ్లాడు. ఏ ఆఫీసో చెప్పను, ఇప్పుడు ఆ మనుషులు లేరు. డాక్టర్ల బోర్డు కూర్చున్నది మేడ మీద. నేను నడవలేనని రాసిచ్చే కాగితం కోసం 22 మెట్లు ఎక్కాలి. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. వయసొచ్చిన ఆడపిల్లను నాయన వీపు మీద, అంతమంది చూస్తుండగా. ఓణీ సర్దుకుందామంటే చెయ్యి వదిలితే పడతాను. నా కాలికి ఆసరాగా కట్టిన క్యాలిపర్ ఇనుము ఆయన నడుముకు గుచ్చుకుంటోంది, మెట్టు మెట్టుకీ పళ్ల సందున ఊపిరి పీలుస్తున్నాడు, సగంలో ఆగి గోడకు భుజం ఆనించాడు. ఆయన చొక్కా తడి నా ఓణీకి అంటింది. ముప్ఫై ఏళ్లు దాటింది, ఆ తడి నాకింకా తెలుస్తుంది.

పైన బల్ల దగ్గరున్న ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే అన్నాడు, "పైదాకా వచ్చావు కదమ్మా, నడవలేవని ఎట్లా రాసేది?" నాయన ఒక్క మాట అనలేదు. పై వారం రమ్మన్నారు. పై వారం కూడా అవే 22 మెట్లు.

కిందికొచ్చాక చింతచెట్టు కింద కూర్చోబెట్టి, టీ తెచ్చిచ్చి, "నేనున్నంత కాలం నీకేం ఫరవాలేదులే" అన్నాడు. ధైర్యం చెప్పాననుకున్నాడు పాపం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనున్నంత కాలం అంటే, ఆ తర్వాత?

అబ్బాయిలూ, మీరు ఎత్తుతామన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. ఎత్తే మనిషి ఎంత మంచివాడైనా ఎప్పుడూ పక్కన ఉండడు.

మన ఊరికి ఈ మాట కొత్త కాదు. కొండకు అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఒకప్పుడు ఎక్కలేనివాళ్లు డోలీల్లో పోయేవాళ్లు, ఇద్దరో నలుగురో మోసేవాళ్లు. 1944లో ఘాట్ రోడ్డు పడింది. మెట్లను ఎవరూ తవ్వెయ్యలేదు, మొక్కుకున్నవాళ్లు ఇప్పటికీ మోకాళ్లతో ఎక్కుతున్నారు. పక్కన ఇంకో దారి వచ్చింది, అంతే. ముసలివాళ్లు, బాలింతలు, గుండె జబ్బువాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు కూడా ఆ దారినే పోతున్నారు. దానికి దయ అని పేరు పెట్టామా? రోడ్డు అన్నాం. స్వామి దగ్గరికే ఇంకో దారి వేసుకున్న ఊళ్లో ఒక బ్యాంకుకు, ఒక కాలేజీకి వెయ్యలేమా?

సరే, అసలు విషయానికొస్తాను. నాయన నన్ను మోసిన మరుసటి ఏడాది, 1995 డిసెంబర్ 19న, ఆబిదీ, ఆయనతో పాటు ఎందరో వికలాంగులు ఢిల్లీ రోడ్డెక్కారు, మా చట్టం చెయ్యమని. మూడు రోజుల్లో పార్లమెంటు చట్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 3 శాతం రిజర్వేషన్ అందులోదే. 2003లో బ్యాక్‌లాగ్ పోస్టుల్లో, అంటే భర్తీ కాకుండా మిగిలిపోయినవాటిలో, నాకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది ఆ 3 శాతంలోనే. నాకు అన్నం పెట్టింది ఎవరని అడిగితే నాయన తర్వాత ఆ చలిలో నిలబడ్డవాళ్ల పేరే చెబుతాను. విమానం ఎక్కడానికి లిఫ్టు, లోపల సీటు దాకా పోయే సన్న కుర్చీ కావాలని ఆబిదీ సుప్రీంకోర్టుకు పోయారు, 1998లో తీర్పు తెచ్చుకున్నారు. నేను విమానం ఎక్కలేదు, కానీ అది చదివిన రోజు నాకు ఆ 22 మెట్లే కనిపించాయి.

1991 జనాభా లెక్కల్లో మమ్మల్ని లెక్కపెట్టలేదు. 2001లో మళ్లీ ఆ ప్రశ్న చేరిందంటే ఈ సంస్థా ఇంకొందరూ పోట్లాడబట్టే. 2011 లెక్కల్లో 2 కోట్ల 68 లక్షల మందిమి.

2001 జనవరిలోనే, చక్రాల కుర్చీలో ఉండే పెద్ద శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చారు. ఆయన కుర్చీ కోసం కుతుబ్ మీనార్ లాంటి చోట్ల చెక్క ర్యాంపులు, అంటే మెట్ల బదులు ఏటవాలు దారులు, వేశారు. వెయ్యడం కుదరదని అన్నాళ్లూ చెప్పినచోట ఆయన కోసం కుదిరింది. పాకాల పిల్లకు ఎప్పుడు కుదురుతుంది, చెప్పండి?

2016లో కొత్త చట్టం వచ్చింది. 7 రకాల వైకల్యాలు 21 అయ్యాయి, ఉద్యోగాల్లో 3 శాతం 4 అయింది, ఉన్న భవనాలను కూడా మాకు అందేలా మార్చాలన్నారు. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, ఇది ఇష్టముంటే చేసే పని కాదు, తప్పనిసరి నియమాలు రాయండి అని కేంద్రానికి 3 నెలల గడువు పెట్టింది. మా పేరు మాత్రం మారుతూనే ఉంది. చిన్నప్పుడు ఊళ్లో కుంటిది అన్నారు, తర్వాత వికలాంగురాలు, ఇప్పుడు శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులు. పేరు ఏదైనా పెట్టుకోండి, మెట్లు అవే మెట్లు. పింఛను ఇంటికే తెచ్చిస్తున్నారు, మంచిదే, కానీ ఇంట్లోంచి నేను బయటికి రావాలి కదా!

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ర్యాంపు వేశారు. జారుడుబండలా ఉండేది. ఎక్కితే కుర్చీ వెనక్కి తిరగబడేది, దిగితే గేటు దాకా పోయేది. కొన్నాళ్లకు దాని మీద స్కూటర్లు పెట్టారు. ర్యాంపు ఉందని రిపోర్టులో మాత్రం టిక్కు పెట్టేశారు.

ఇక్కడ సివిల్ ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఇరవై మంది ఉన్నారే! ఒకటికి పన్నెండు, రాసుకోండి. అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పొడవు కనీసం పన్నెండు అడుగులు ఉండాలి. ఈ వేదిక చూస్తే నాకు మూడడుగులు అనిపిస్తోంది, అంటే ముప్ఫై ఆరు అడుగులు కావాలి. అంత చోటు ఎక్కడుంది అంటారు. ఆ ఎడమ గోడ వెంబడి పోయి, కిటికీ దగ్గర మలుపు తిప్పితే ఉంది, వచ్చినప్పటి నుంచి నేను అదే చూస్తున్నాను.

నా సంచిలో టేపు ఉంది. ఇందాక నన్ను ఎత్తుతామన్న నలుగురూ ఇట్లా రండి. మిగతావాళ్లు ఆ రెండు వరుసల కుర్చీలు కాస్త జరపండి. నాయనా, నువ్వు ఈ చివర పట్టుకో. నేను ఆ చివరికి పోతాను.